గ్రాంటు దరఖాస్తు: కూచిపూడి సీమలోని చిన్న కళాసమాజములు

ప్రభుత్వము గాని, ధర్మనిధి గాని, వాణిజ్య సంస్థ గాని ఒక నిర్ణీత ప్రయోజనము కొరకు తిరిగి చెల్లింప నక్కరలేని ధనమును ఇయ్యదలచినపుడు, దానిని కోరు సంస్థ తానెవరో, ఏమి చేయ సంకల్పించినదో, అందులకెంత వ్యయమగునో, ఆ వ్యయమువలన ఎవరికేమి ఒనగూడునో, ఒనగూడినదని పిమ్మట ఎట్లు నిరూపింపగలదో తెలుపుచు సమర్పించు పత్రమే గ్రాంటు దరఖాస్తు. దీనినే ప్రపోజల్ అనియు, ప్రాజెక్టు రిపోర్టు అనియు కార్యాలయములలో వ్యవహరింతురు. విద్య, వైద్యము, విపత్సహాయము మున్నగు రంగములన్నింటను ఇట్టి పత్రములు పుట్టుచున్నవి గాని, ప్రస్తుత వ్యాసము కృష్ణా జిల్లా మొవ్వ మండలములోని కూచిపూడి గ్రామమును, దాని పరిసరములను ఆశ్రయించి బ్రదుకుచున్న చిన్న నాట్యసమాజముల దృష్టితో ఈ విషయమును పరిశీలించును. కళయొక్క ఖ్యాతి ఖండాంతరములకు వ్యాపించియుండ, దానిని నేర్పు సంస్థ ఒక గురువుగారి వసారాలో, పదిమంది పిల్లలతో, జీతపు గుమాస్తా యైనను లేక నడచుచుండుట ఇచ్చట అరుదు కాదు. దరఖాస్తు రచనలోని కష్టసుఖములు ఇట్టి చోటనే స్పష్టముగా గోచరించును.

వాక్చాతుర్యము గలవారికి గ్రాంటులు దొరకునని, లేనివారికి దొరకవని లోకమున ఒక నమ్మకము గలదు. అది సగము నిజము. దరఖాస్తు జయాపజయములు చాలవరకు కలము పట్టుటకు మునుపే, ఆ సమాజము చిట్టా ఆవర్జాలలోను, కార్యవర్గపు మినిట్సు పుస్తకములోను నిర్ణయమై యుండును. ఉన్న బలమును మరుగుపడనీయక చూపుట, నిలుపుకొనగలిగినంత మాత్రమే మాట యిచ్చుట, ఇవి రెండే రచనకు సాధ్యములైన పనులు. లేని బలమును కల్పించు రచన మొదటి ఏడు నెగ్గినను రెండవ ఏట ఆడిట్ రిపోర్టు ముందర నిలువజాలదు.

పూర్వచరిత్ర

కూచిపూడి తానే ఒక గ్రాంటు ఫలమని చెప్పుట అతిశయోక్తి కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీ ప్రభువులలో కడపటివాడైన అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687) ఆ ఊరి నాట్య కుటుంబములవారైన భాగవతుల ప్రదర్శనమును తిలకించి సంతసించి, ఆ గ్రామమును ఆ కుటుంబములకు అగ్రహారముగా ఒసగెనని సంప్రదాయము చెప్పుచున్నది. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, ఆ కుటుంబములలో పుట్టిన ప్రతి బాలుడును జీవితమున ఒక్కమారైనను సత్యభామ వేషము కట్టవలెనని మాట తీసుకొనెననుట ఆ కథకు తోడైన వేరొక భాగము. ఈ వృత్తాంతములలోని కాలనిర్ణయములను గూర్చి చరిత్రకారులు వాదులాడుకొందురు గాని, వాని స్వరూపము మన విషయమునకు మిక్కిలి సన్నిహితము: ఒక వంక జీవనాధారమైన భూమి, మరియొక వంక కళను తరతరములకు సాగింతుమను ప్రతిజ్ఞ. దాతకు తృప్తి, గ్రహీతకు భుక్తి, రెంటికి నడుమ ఒక షరతు. 1763 నాటి భాగపత్రము అగ్రహారములో ఏ యింటిపేరువారికి ఎంత హక్కు గలదో వ్రాతమూలముగా నిలిపి, ఆ దానఫలమును అనుభవించువారెవరను ప్రశ్నకు సమాధానము చెప్పినది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున, 1858–59 ప్రాంతములో, మద్రాసు ప్రభుత్వము ఇనాం కమీషనును నెలకొల్పి ప్రెసిడెన్సీ అంతట ఇనాందారులను, అనగా ఇట్టి దానభూములు అనుభవించువారిని, విచారణకు పిలిచినది. ఈ భూమిని ఎవరిచ్చిరి, ఎప్పుడిచ్చిరి, ఏ సేవ నిమిత్తమిచ్చిరి, ఆ సేవ నేటికిని జరుగుచున్నదా, అందులకు ఆధారపత్రమేది యని అడిగిన ఆ రిజిస్టరు గడులను, నేటి కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖ ఫారములోని గడులను ప్రక్క ప్రక్కన నుంచి చూచినవారికి, నూటయరువది యేండ్లలో దాత మారినను దాత సందేహములు మారలేదని తోచును. 1956లో ఆంధ్ర ప్రాంతపు ఇనాముల రద్దు చట్టము వచ్చి ఇనాం భూములు రైత్వారీ పట్టాలుగా మారుటతో, భూమిమూలకమైన పోషణకు తెరపడి, ఏటికేడు అడిగి తెచ్చుకొనవలసిన నగదు సహాయముల కాలము ప్రవేశించినది.

ఈ నడిమి కాలమున కృష్ణా డెల్టాలో ప్రజల చందాలపై నడచిన మరియొక సంప్రదాయము గలదు. మచిలీపట్నమున 1910లో ఆరంభమైన ఆంధ్ర జాతీయ కళాశాల, బెజవాడలో 1914లో జరిగిన గ్రంథాలయ కార్యకర్తల సభనుండి పెంపొందిన గ్రంథాలయోద్యమము దొరతనమువారి దయను నమ్ముకొనక ఊరూర విరాళములు పోగుచేసి నిలిచినవి. ఆ కార్యకర్తలు దాతను స్వయముగా కలిసికొని, ఎదుటనే సమాధానము చెప్పి, రసీదు వ్రాసి యిచ్చెడివారు. తరువాతి కాలపు కళాసమాజములకు ఈ విద్య సంక్రమింపకపోవుట శోచనీయము; ఢిల్లీకి దరఖాస్తు పంపుట నేర్చిన పెక్కుమంది పక్క వీథిలోని వర్తకుని అడుగుట మరచిరి.

స్వాతంత్ర్యానంతరము 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీయు, 1957లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీయు వెలసినవి. ఏలూరు న్యాయవాది, నటుడు బందా కనకలింగేశ్వరరావు పూనికతో ఆ దశాబ్దపు చివర కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రము ఏర్పడి, కాలక్రమమున తెలుగు విశ్వవిద్యాలయపు అధీనములోనికి వచ్చి శ్రీ సిద్ధేంద్రయోగి కళాపీఠముగా కొనసాగుచున్నది. 1958లో ఢిల్లీలో జరిగిన అఖిలభారత నృత్య గోష్ఠిలో కూచిపూడికి ప్రత్యేక శాస్త్రీయ నృత్యముగా స్థానము గలదా యను వివాదము చెలరేగుటయు, మరుసటి యేడు హైదరాబాదులో దానికి బదులుగా మరియొక గోష్ఠి జరుగుటయు కళాచరిత్రలో ప్రసిద్ధములు. కేవలము గౌరవ ప్రశ్నగా కనబడు ఆ వివాదమునకు ధనసంబంధమైన పార్శ్వమొకటి గలదు: అకాడమీ వర్గీకరణములో ఏ గడిలో పేరున్నదో దానిని బట్టియే సహాయ పథకములలో అర్హత నిర్ణయమగును.

అర్హతలు

దరఖాస్తుదారు చట్టదృష్టిలో ఒక వ్యక్తిత్వము గల సంస్థ కావలెను. ఆంధ్రప్రదేశ్‌లో చిన్న సమాజములు సాధారణముగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము క్రింద, కనీసము ఏడుగురు సభ్యులతో, నియమావళితో నమోదగును. కొందరు ట్రస్టు దస్తావేజు వ్రాసికొందురు. నమోదైన దినమున మిఠాయి పంచుకొని, పిమ్మట ఏటేట రిజిస్ట్రారుకు సమర్పింపవలసిన కార్యవర్గపు జాబితాను మరచుట సర్వసామాన్యము. గ్రాంటు వేళకు ఆ జాబితా కావలసివచ్చి జిల్లా రిజిస్ట్రారు కార్యాలయము చుట్టు తిరుగుట దానికి దండన. కేంద్ర పథకములలో పెక్కింటికి నమోదై మూడేండ్లు నిండియుండవలెను, మూడేండ్ల ఆడిట్ చేసిన లెక్కలు జతపరుపవలెను, నీతి ఆయోగ్ నడుపు ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో గుర్తింపు సంఖ్య పొందియుండవలెను. ఆదాయపు పన్ను చట్టము (1961)లో 12ఎ, 80జి యను పేర్లతో అలవాటైన నమోదులలో మొదటిది సమాజపు ఆదాయమునకు, రెండవది దాత యిచ్చిన విరాళమునకు పన్ను రాయితీ కల్పించును.

ఇచ్చట ఒక చిన్న మాట. ప్యాన్ కార్డుమీద ఒక రీతిగ, బ్యాంకు ఖాతాలో ఒక రీతిగ, దర్పణ్‌లో వేరొక రీతిగ సమాజపు పేరు ఇంగ్లీషు అక్షరములలో నుండుట మన ప్రాంతపు సంస్థలకు విశేషించి తగిలిన జాడ్యము. ‘శ్రీ’ ఒకచోట నుండును, ఒకచోట నుండదు. ‘నాట్య’కు ఒకచోట రెండు టీలు, ఒకచోట ఒకటి. యంత్రమునకు సిద్ధేంద్రయోగిపై భక్తి లేదు. పేరు సరిపోలనిచో త్రోసివేయును.

నిధుల మూలములు

నాట్యసమాజములకు ప్రధానమైన ఆకరము కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖ వారి కళా సంస్కృతి వికాస్ యోజన. ఇందులో గురుశిష్య పరంపరా పోషణకై యిచ్చు రెపర్టరీ గ్రాంటు కూచిపూడి పద్ధతికి అత్యంత సన్నిహితమైనది: సంగీత నృత్యములలో ఒక గురువునకు నెలకు 15,000 రూపాయలు, పదిమందికి మించకుండ శిష్యులకు వయస్సును బట్టి నెలకు 2,000 మొదలు 10,000 రూపాయల వరకు ఇత్తురు. ఉత్సవములకు, గోష్ఠులకు, నూతన నిర్మాణములకు ఉద్దేశింపబడిన సాంస్కృతిక కార్యక్రమ, నిర్మాణ గ్రాంటు సాధారణముగా 5 లక్షల వరకును, విశేష సందర్భములలో 20 లక్షల వరకును లభించును. మహానగరములు కాని చోట్ల రంగశాలాది భవనములకు 25 లక్షల వరకు సహాయము గలదు. దేశవ్యాప్త ప్రతిష్ఠ గల సంస్థలకు కోటి రూపాయల వరకు, అసాధారణముగా 5 కోట్ల వరకు ఇచ్చు పథకమొకటి ఉన్నది గాని, వసారాలో నడచు సమాజము దానివంక చూచి కాలము వృథాపుచ్చుకొనరాదు. వీనికి తోడు సంగీత నాటక అకాడమీ, 1986 నుండి తంజావూరు కేంద్రముగా పనిచేయుచున్న దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రము, రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ గలవు. 1993లో బెంగుళూరున స్థాపితమైన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వంటి స్వచ్ఛంద నిధులు పరిశోధనకు, కొత్త ఆలోచనకు మొగ్గు చూపును. అట్టి చోటికి వార్షికోత్సవపు దరఖాస్తు పంపుట నిష్ఫలము.

2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను మరియొక ద్వారమును తెరచినది. 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభము గల కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతమును సామాజిక బాధ్యతకు వెచ్చింపవలెను. ఏడవ షెడ్యూలులో సంప్రదాయ కళల పోషణ పేర్కొనబడియున్నది. ఆ ధనమును పొందగోరు సంస్థ 2021 నుండి సీఎస్ఆర్-1 ఫారము దాఖలు చేసి సంఖ్య పొందవలెను. కంపెనీ తన కర్మాగారపు పరిసరములకు ప్రాధాన్య మీయవలెనని చట్టమే చెప్పుచున్నది గనుక, ముంబయి కార్యాలయమునకు ఉత్తరము వ్రాయుటకంటె విజయవాడలోని శాఖాధికారిని ముందు కలిసికొనుట మేలు.

ప్రవాసుల ధనము సంగతి వేరు. కూచిపూడి పేరు వినగానే అమెరికాలోని తెలుగువారు గుర్తుకు వచ్చుట సహజము: 2001లో ఏర్పడిన సిలికానాంధ్ర అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనములు జరిపి, 2016 డిసెంబరులో విజయవాడలో ఆరువేలకు పైబడిన నర్తకులచేత ఒక్కమారుగా నృత్యము చేయించి, గ్రామములో వైద్యశాల మొదలగు పనులు సైతము చేపట్టినది. ఇట్టి వైభవమును చూచిన చిన్న సమాజములకు, న్యూజెర్సీలోని శిష్యురాలు ఒక్క మాటు తలచినచో కొరత తీరునను భ్రమ కలుగును. కాని 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము, దానికి 2020లో వచ్చిన సవరణ ఈ మార్గమును మిక్కిలి యిరుకు చేసినవి. విదేశీ విరాళము మొదట చేరవలసినది ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాకు. నిర్వహణ వ్యయము 20 శాతమును మించరాదు. నమోదు కోరు సంస్థ మూడేండ్లుగా పనిచేయుచు, ఆ మూడేండ్లలో కనీసము 15 లక్షలు తన ముఖ్య కార్యములపై వెచ్చించియుండవలెను. అన్నిటికంటె పెద్ద మార్పు, ఒక సంస్థ పొందిన విదేశీ ధనమును వేరొక సంస్థకు పంచియిచ్చుట నిషిద్ధమగుట. లోగడ పెద్ద సంస్థల నీడన చిన్నవానికి అందుచుండిన సహాయము దీనితో ఆగిపోయినది. భారత పౌరసత్వము నిలుపుకొన్న ప్రవాసి తన స్వార్జితమును బ్యాంకు మార్గమున పంపినచో అది విదేశీ విరాళము కాదు. అమెరికా పౌరసత్వము పుచ్చుకొన్నవాడు, ఓసీఐ కార్డు కలవాడైనను, పంపినచో అగును. శిష్యుడు పంపిన డబ్బును ఖాతాలో వేసికొనుటకు ముందు అతని పాస్‌పోర్టు ఏ దేశపుదో అడుగుట అమర్యాదగా తోచవచ్చును, అయినను అడుగవలసినదే.

రచన

పరిశీలకుని బల్లమీద ఒకే విధమైన పత్రములు గుట్టలుగా నుండును. మన సీమనుండి వెళ్లు దరఖాస్తులలో తరచుగా కనబడు దోషమేమనగా, అవి భరతముని నాట్యశాస్త్రముతో ఆరంభించి, మాచుపల్లి కైఫియతు వంటి పాత రికార్డుల మీదుగా, సిద్ధేంద్రుని కృష్ణానదీ తరణ కథను చెప్పి, మూడవ పుట ముగిసిన పిదప గాని కోరుచున్న పని యేమో తెలుపవు. నిపుణుల కమిటీలో కూర్చున్నవారికి ఆ చరిత్ర తెలియును. వారికి తెలియనిది ఆ సమాజము, తెలుపవలసినదియు అదియే. కళయొక్క ప్రాచీనత కళకు ప్రశంస యగును గాని, సమాజపు అవసరమునకు రుజువు కాజాలదు.

ఒక ఉదాహరణమును ఊహింతము. భాగవతుల రామయ్య పందొమ్మిదవ శతాబ్దిలో రచించిన గొల్లకలాపమును ఆద్యంతము నేర్పి ప్రదర్శింపవలెనని ఒక సమాజము తలచినదనుకొందము. ఆ కలాపములో గొల్లభామకును బ్రాహ్మణునకును జరుగు సంవాదము దీర్ఘము. యజ్ఞతత్త్వము, పిండోత్పత్తి క్రమము వంటి గహన విషయములతో కూడినది. అందువలన నేడు దానిలోని ఖండములే గాని సమగ్ర ప్రదర్శనము అరుదు. “అంతరించిపోవుచున్న అమూల్య కళాసంపదను ఉద్ధరించు మహాసంకల్పముతో” అని ఆరంభించు వాక్యము చదువరికి ఏమియు చెప్పదు. అదే వాక్యము కథకళికి, తోలుబొమ్మలాటకు, చేనేతకు సైతము సరిపోవును. దానికి మారుగా, కలాపమును పూర్తిగా ఎరిగిన గురువు సమాజములో ఎందరున్నారు, వారి వయస్సెంత, ప్రస్తుతము ఎంతమంది విద్యార్థులు ఎన్ని దరువుల వరకు నేర్చిరి, సంవాద భాగములు ఎవరికి కంఠస్థముగా నున్నవి, వ్రాతప్రతి యేదైన గలదా, చివరిసారి సంపూర్ణముగా ఎన్నడు ఎచ్చట ఆడిరి అను ప్రశ్నలకు నాలుగు వాక్యములలో సమాధానము చెప్పినచో, అవసరము తనంతట తానే స్పష్టమగును. ఈ నాలుగు వాక్యములు వ్రాయుటకు ఒక వారము పట్టవచ్చును, ఏలయన లెక్క తీయవలసియుండును. తక్కిన ముప్పది వాక్యములు ఒక సాయంకాలమున వ్రాయవచ్చును.

పిమ్మట లక్ష్యము. “పన్నెండు నెలలలో ఆరుగురు విద్యార్థులు గొల్లభామ, బ్రాహ్మణ పాత్రలను సంపూర్ణముగా అభ్యసింతురు, చివర కూచిపూడి రామలింగేశ్వరస్వామి ఆలయము ఎదుట ఒకటి, విజయవాడ తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రమున ఒకటి ప్రదర్శనములు జరుగును, ఆద్యంతము దృశ్యశ్రవణ ముద్రణము చేసి ప్రతిని గ్రంథాలయమున నుంతుము” అనునది లక్ష్యము. వారమునకు ఎన్ని పాఠములు జరుపుదురో చెప్పుట పని వివరణ మాత్రమే. పాఠములు ముగిసిన నాడు విద్యార్థి ఏమి చేయగలడో చెప్పుట ఫలితము. ఈ రెంటిని కలిపివేయుట అనుభవజ్ఞుల పత్రములలో సైతము కానవచ్చును. పన్నెండు నెలల పట్టిక వేయునపుడు పాఠశాల పరీక్షల కాలమును, నవరాత్రులనాడు గురువులందరు కచేరీలకు వెళ్లుటను, అక్టోబరు నవంబరులలో తీరమును తాకు తుఫానులను లెక్కకు తెచ్చుకొనవలెను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన ప్రాంతమున ఆ రెండు నెలలలో ఆరుబయట ప్రదర్శనము నిర్ణయించుట సాహసము.

లబ్ధిదారులను వర్ణించు భాగము సున్నితమైనది. ఈ కళ బహుకాలము కొన్ని బ్రాహ్మణ కుటుంబముల పురుషులకే పరిమితమై యుండెను. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నేర్పుట, వెంపటి చినసత్యం 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించుట వంటి పరిణామములతో ద్వారములు తెరచుకొన్నవి. నేడు శిక్షణాలయములలో ఆడపిల్లలే అధికులు. ఎన్ని కులముల పిల్లలు, ఎందరు బాలికలు, ఎందరు ఫీజు చెల్లింపలేనివారు అని దాత అడిగినపుడు, చరిత్రను కప్పిపుచ్చక, ప్రస్తుత సంఖ్యలను యథాతథముగా చెప్పుట యుక్తము. ఇతరులను దూరముంచిన పాత పద్ధతిని సంప్రదాయ శుద్ధిగా పొగడు వాక్యమొకటి ఎక్కడనో దొర్లినచో పత్రమంతయు చెడును.

గురువులు తెలుగు పండితులు. పోర్టల్ ఇంగ్లీషు, హిందీలలో మాటలాడును. ఈ యెడమును పూరించుటకై విజయవాడలోను, హైదరాబాదులోను కన్సల్టెంట్లు గలరు. వారిలో యోగ్యులు లేకపోలేదు. కాని మంజూరైన సొమ్ములో ఇంత శాతమని కమీషను అడుగువానిని దూరముననుంచవలెను; అంతర్జాతీయ నిధిసేకరణ వృత్తి సంఘముల నీతి నియమావళియు శాతపు ప్రతిఫలమును నిషేధించుచున్నది. గ్రాంటు నుండి అట్టి కమీషను చెల్లించుటకు బడ్జెటులో గడి యుండదు గనుక, అది దొంగ వోచరుగా రూపము దాల్చును. మేలైన మార్గము, గురువుగారు తెలుగులో చెప్పగా ఊరిలో చదువుకొన్న శిష్యుడొకడు వ్రాసికొని, పిదప ఇంగ్లీషులో కూర్చుట. భాష కొంత మోటుగ నున్నను విషయము గట్టిగ నుండును.

బడ్జెటు

పరిశీలకులలో పెక్కుమంది వర్ణనమును విడిచి మొదట బడ్జెటు పుటను తెరతురు. అచ్చట వంటవాని చేతి ఉప్పు వలె, ఎక్కువైనను తక్కువైనను వెంటనే తెలిసిపోవును. పని వివరణములో చెప్పిన ప్రతి అంశమునకు ఇచ్చట ఒక పద్దు ఉండవలెను. ఇచ్చటి ప్రతి పద్దునకు అచ్చట ఒక పని ఉండవలెను. దృశ్య ముద్రణము చేయుదుమని చెప్పి కెమెరా అద్దె మరచుటయు, ఎచ్చటను ప్రస్తావింపని ల్యాప్‌టాప్ హఠాత్తుగా పద్దులలో ప్రత్యక్షమగుటయు సమానముగా అనుమానహేతువులు.

రెపర్టరీ గ్రాంటునే తీసికొనుడు. గురువునకు ఏడాదికి 1,80,000. పదిమంది శిష్యులును గరిష్ఠపు మొత్తమునకు అర్హులైనచో 12,00,000. వెరసి 13,80,000 రూపాయలు. గ్రామములో ఇది పెద్ద మొత్తముగా కనబడును. కాని ఇది గురుశిష్యుల భృతి మాత్రమే. ప్రదర్శనమునకు నట్టువాంగము పట్టువారు, గాత్రము పాడువారు, మృదంగము, వయొలిన్, వేణువు వాయించువారు కావలెను; వారికి ప్రదర్శన దినమున మాత్రమే గాక రిహార్సళ్లకును పారితోషికము చెల్లింపవలెను; ఆహార్యము, భామకు జడ, ఆభరణములు, రంగు వేయువారు, గజ్జెలు, మైకులు, దీపములు, కళాక్షేత్రపు అద్దె, విజయవాడకు వ్యాను, భోజనములు వచ్చును. ఈ వ్యయమునకు వేరొక పథకమునో, స్థానిక దాతనో చూచుకొనవలెను. కావుననే అనుభవము గల సమాజము ఒకే పనికి రెండు మూడు మూలములు చేర్చి, ఏ ఖర్చు ఏ దాతదో ముందే విడదీసి వ్రాసికొనును. ఒకే బిల్లును ఇరువురు దాతలకు చూపుట అపరాధము. చిన్న సంస్థలలో ఇది దురుద్దేశముకంటె లెక్క సరిగా వ్రాయకపోవుటవలన ఎక్కువగా జరుగును.

కార్యక్రమ, నిర్మాణ గ్రాంటులో మొత్తము వ్యయములో నాలుగవ వంతు సమాజమే భరింపవలెను. 6 లక్షల పనికి 4,50,000 వచ్చినను, మిగిలిన 1,50,000 ఎచ్చటినుండి వచ్చునో చూపవలెను. ఈ పాతిక భాగమును లేని విరాళములుగా కాగితముమీద సృష్టించుట మన సమాజములలో పాతుకొనిన దురభ్యాసము. దానికి ప్రతిక్రియ కోరిక తగ్గించుకొనుటయే: లక్షన్నర కూడబెట్టలేనివారు 6 లక్షల ఉత్సవమును గాక 3 లక్షల ఉత్సవమును తలపెట్టవలెను.

నిర్వహణ వ్యయమును గూర్చి రెండు అతివాదములు గలవు. మాకు నిర్వహణ ఖర్చు ఒక్క పైసయు లేదని గర్వముగా వ్రాయువారు కొందరు. విద్యుత్తు, ఆడిటరు ఫీజు, ఇంటర్నెట్టు సెంటరులో పత్రములు ఎక్కించిన ఖర్చు ఎవరో చెల్లించుచునే యున్నారు, సాధారణముగా గురువుగారి భార్య. ఆ ఖర్చును దాచుట త్యాగముగా తోచవచ్చును గాని, మరుసటి యేడు అదే సమాజము ఆ భారమును మోయలేక మూతపడినపుడు దాతకు కారణము తెలియదు. ఇక సగము సొమ్మును నిర్వహణమునకే చూపువారిని గూర్చి చెప్పవలసినది లేదు.

మంజూరు, అనంతర బాధ్యతలు

మంజూరు ఉత్తరము వచ్చిన నాడు పూలదండలకంటె ముందు ఆ ఉత్తరపు షరతులను చదువవలెను. కేంద్ర గ్రాంటులన్నియు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములకు లోబడినవి. గ్రాంటుమీద వచ్చిన బ్యాంకు వడ్డీ సమాజపుది కాదు, తిరిగి చెల్లింపవలెను. గ్రాంటుతో కొనిన మృదంగమైనను, మైకైనను ప్రత్యేక రిజిస్టరులో నమోదై, అనుమతి లేక అమ్మబడరాదు. ఆర్థిక సంవత్సరము ముగిసిన పన్నెండు నెలలలో ఆ నియమములలోని 12-ఎ ఫారములో వినియోగ ధ్రువపత్రము పంపవలెను. లోగడ పొందిన గ్రాంటుకు ధ్రువపత్రము బాకీయున్న సంస్థ కొత్త దరఖాస్తు పెట్టుట వృథాశ్రమ.

వోచర్ల విషయమున సంగీత నృత్య లోకపు అలవాట్లు కార్యాలయపు అలవాట్లకు విరుద్ధములు. ప్రదర్శనము ముగిసిన అర్ధరాత్రి మృదంగ విద్వాంసునికి తాంబూలములో పెట్టి యిచ్చు నోట్లకు రసీదు అడుగుట మర్యాద కాదని తలంచుట కద్దు. 5,000 రూపాయలు మించిన నగదు చెల్లింపు రసీదుపై రూపాయి రెవెన్యూ స్టాంపు అంటింపవలెను. అంతకంటె బ్యాంకు ఖాతాకు పంపుటే సులభము. తాంబూలమును వేరుగా ఇచ్చుకొనవచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇండ్లలో ప్రవేశించిన పిదప, కాగితములను అటకమీద నుంచుటయు, ప్రతి వోచరును ఫోటో తీసి వేరొక ఊరివాని వద్ద నిలుపుటయు ఎంత అవసరమో వివరింప నక్కరలేదు.

పని నడుమ మార్పులు తప్పవు. గురువు జబ్బుపడును, విద్యార్థికి ఉద్యోగము వచ్చి హైదరాబాదు వెళ్లును, ప్రదర్శనము వర్షమునకు వాయిదా పడును. ఇట్టి వేళ తామే సర్దుకొని చివర నివేదికలో ఒక వాక్యము చేర్చువారికంటె, జరిగిన వెంటనే ఉత్తరము వ్రాసి అనుమతి కోరువారిని దాతలు ఎక్కువగా నమ్ముదురు. ఆరుగురికి నేర్పుదుమని నలుగురికే నేర్పగలిగినచో నలుగురని వ్రాసి, తక్కిన ఇరువురి సంగతి చెప్పవలెను.

నిరాకరణము విషయములో, కారణము తెలుపని ఉత్తరముతో తృప్తిపడ నక్కరలేదు. ప్రభుత్వ పథకములకు 2005 నాటి సమాచార హక్కు చట్టము వర్తించును. తన దరఖాస్తుపై కమిటీ చేసిన వ్యాఖ్యల ప్రతిని సమాజ కార్యదర్శి తన పేర 10 రూపాయల రుసుముతో కోరవచ్చును, సమాధానమునకు 30 దినములు గడువు. ఆ వ్యాఖ్యలలో తరచుగా కానవచ్చునవి జతపరుపని ఆడిట్ పత్రము, గడువు దాటిన నమోదు, పొంతనలేని మొత్తములు. ఇవి మరుసటి ప్రకటన వెలువడునంతలో సవరించుకొనదగినవి.